మా పొలంలో మీటర్ గేజ్ పెట్టె

మా బాబాయి మిర్చి బస్తాలు వేసుకున్న కొట్టం నిజానికి ఒక పాత రైలు పెట్టె. గుంటూరు–గుంతకల్లు లైను 1990ల్లో మీటర్ గేజ్ (పట్టాల మధ్య ఒక మీటరు దూరం) నుంచి ఇంకా వెడల్పైన బ్రాడ్ గేజ్‌కి మారాక, ఆయన వేలంలో దాన్ని కొని చక్రాలు లేకుండా నల్లపాడు దగ్గర మా పొలంలో దించారు. ఆయన పోయాక పిన్ని, "కూలిపోయేలా ఉందిరా, అమ్మేద్దాం" అంది. ఆ టేకు చెక్క చూశాక నాకు మనసొప్పలేదు. బాగు చేసి ఊరి పిల్లలకు చదువుకునే గదిగా ఇద్దామన్నాను.

డబ్బు లేదు. పెట్టెలో సగం పైకప్పు కూలి ఎందుకూ పనికిరాకుండా ఉంది. అందుకని అటువైపు ఇత్తడి గడియలు, చెక్క షట్టర్లు, ఫ్యాన్లు అమ్మి ఇటువైపు నిలబెడదామనుకున్నాను. విజయవాడలో పాత సామాన్ల వ్యాపారి ఒకాయన ఫ్యాన్ మీద రైల్వే గుర్తు చూసి, "కాగితాలున్నాయా అండీ?" అన్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 చట్టం ప్రకారం నేరం. న్యాయంగా కొన్నామని రుజువు చూపించాల్సింది మనమే.

పిన్ని ట్రంకు పెట్టె అడుగున, చీరల కింద రసీదు దొరికింది. అందులో పెట్టె నంబరు ఉంది కానీ పెట్టె మీద మాత్రం కనిపించలేదు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చని మాస్కు పెట్టుకుని, నీళ్లతో తడిపి గరుకు కాగితంతో రుద్దాను. ముందు బాబాయి వేయించిన నీలం ఊడింది, దాని కింద ఇటుక రంగు బయటపడింది. ప్రతి సందులోంచీ మిర్చి ఘాటే. మూడో రోజు సాయంత్రానికి చివరి అంకె కూడా తేలింది. రసీదుతో సరిపోయింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తర్వాత అమ్మకం తేలికే. ప్రతి వస్తువుకీ ఫొటో తీసి, రసీదు నకలు జత చేసి ఇచ్చాను. ఆ ఫ్యాన్లు బ్యాటరీ కరెంటు లాంటి డీసీతో నడిచేవి, ఇంట్లో వచ్చేది ఏసీ కాబట్టి ఇంటి కరెంటుకి నేరుగా కలపొద్దని కొన్నవాళ్లందరికీ చెప్పాను. ఒక హోటలాయన షట్టర్లన్నీ ఒకేసారి తీసుకుంటానన్నారు. ఇవ్వలేదు. మంచివి ఆరు మా కిటికీల కోసం ముందే పక్కన పెట్టేశాను.

గడియల దగ్గర మాత్రం తొందరపడ్డాను. పైకప్పు రేకులకి డబ్బు కావాలని లెక్క చూసుకోకుండా అమ్మేశాను. వడ్రంగి ఆరు షట్టర్లూ బిగించాక చూస్తే రెండు గడియలు తక్కువ. ఇనుపవి వేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. ప్రస్తుతం ఆ రెండు కిటికీలకీ తాడు కట్టి ఉంచాం. ఎవరి దగ్గరైనా మీటర్ గేజ్ పెట్టె ఇత్తడి గడియలు, వాటి కాగితాలు ఉంటే చెప్పండి, కొనుక్కుంటాను.