ప్రహ్లాదుడికి ఆ బుద్ధి ఎక్కడిది?

నృసింహ జయంతికి భాగవతం సప్తమ స్కంధం పారాయణ చేసేవాళ్ల ధ్యాసంతా స్తంభం మీదే ఉంటుంది. నాకు మాత్రం అంతకుముందే వచ్చే పంతులుగారి సంజాయిషీ దగ్గర పుస్తకం కదలదు.

హిరణ్యకశిపుడు కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని "నేర్చుకున్నవాటిలో మంచిదేదో చెప్పు నాయనా" అన్నాడు. పిల్లవాడు శ్రవణం, కీర్తనం అంటూ నవవిధ భక్తులూ అప్పజెప్పాడు. తండ్రి పెదవులు అదిరాయి. ముందు పిల్లవాడికి చదువు చెప్పే పంతులు, గురుపుత్రుడి మీద విరుచుకుపడ్డాడు. ఆయన గడగడలాడుతూ "నేను నేర్పలేదు, ఇంకెవరూ నేర్పలేదు. నైసర్గికీయం మతిరస్య రాజన్. పుట్టుబుద్ధి ప్రభూ" అన్నాడు. చేతులు దులుపుకోవాలంటే ఇంతకన్నా అనువైన మాట లేదు. పిల్లలు చెడినప్పుడు మనమూ ఇదే అంటాం.

ప్రహ్లాదుడు తోటి పిల్లలకు చెప్పింది వేరు. తండ్రి తపస్సుకు వెళ్లినప్పుడు ఇంద్రుడు గర్భిణి అయిన తల్లిని ఈడ్చుకుపోయాడు, పుట్టగానే బిడ్డను చంపుదామని. (ఇంద్రుడూ కశ్యపుడి కొడుకే, హిరణ్యకశిపుడూ ఆయన కొడుకే. ఇక పుట్టుక గురించి ఏం మాట్లాడతాం!) నారదుడు విడిపించి, ఆశ్రమంలో ఉంచి, ఆమెకు తత్త్వం బోధించాడు. కడుపులో బిడ్డా విన్నాడు. అయితే పెంపకమే అనుకుంటామా, వెంటనే ఇంకో మాట అంటాడు: అమ్మ కాలక్రమాన మరిచిపోయింది, ఋషి అనుగ్రహం వల్ల నాకు గుర్తుండిపోయింది.

హిరణ్యకశిపుడికి మాత్రం చదువు తక్కువా? తమ్ముడు హిరణ్యాక్షుడు చనిపోతే, ఏడుస్తున్న తల్లి దితికి ఆత్మకు చావు లేదని, దేహం కోసం దుఃఖించడం అవివేకమని ఎంత చక్కగా చెప్పాడో! ఏ వేదాంతి చెప్పినా అంతకన్నా బాగా చెప్పలేడు. అంతకు కాసేపటి ముందే యజ్ఞాలు చేసేవాళ్లను నరకమని అనుచరులను పురమాయించాడు. ఆ తర్వాత తనకు చావు రాకూడదని మందరగిరికి తపస్సుకు వెళ్లాడు. అమ్మకు చెప్పిన మాట ఒక్కసారి తనకు తాను చెప్పుకుని ఉంటే ఆ వరాల అవసరమే వచ్చేది కాదని నాకనిపిస్తుంది. తెలిసీ చేసినవాడిని పుట్టుక మీదికి నెట్టలేం, పెంపకం మీదికీ నెట్టలేం.

అంతా అయ్యాక స్వామి వరం కోరుకోమన్నాడు. తనను ఏనుగులతో తొక్కించి, కొండల మీంచి తోయించిన తండ్రి పాపం పోవాలని అడిగాడు ప్రహ్లాదుడు. నువ్వు ఆ ఇంట పుట్టినందుకే మీ తండ్రి 21 తరాలతో సహా పవిత్రుడయ్యాడు, వెళ్లి కొడుకుగా అంత్యక్రియలు చెయ్యి అన్నాడు స్వామి.