జమ్మిచెట్టు, వింటినారి, మా బాపు బండి

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

దసరా సాయంత్రం మా వరంగల్‌లో జమ్మి దగ్గర ఈ శ్లోకం వినిపిస్తూనే ఉంటుంది. కాగితం మీద రాసి కొమ్మకు కడతాం. ఆకు తెచ్చి ‘బంగారం’ అని పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. నా మనసు మాత్రం ఏటా ‘అర్జునస్య ధనుర్ధారీ’ దగ్గరే ఆగుతుంది. అర్జునుడి విల్లును మోసిన చెట్టు!

విరాటపర్వంలో పాండవులు ఆయుధాలను ఊరికే చెట్టెక్కించలేదు. ముందు విల్లుల నారి విప్పారు. ఎక్కుపెట్టిన విల్లును అలాగే వదిలేస్తే బిగువు పోతుంది. తర్వాత నకులుడు చెట్టెక్కి, విరగని కొమ్మ, వాన తగలని చోటు చూసి మరీ కట్టాడు. ఏడాది దాటాక ఉత్తరుడు దించి మూట విప్పితే ధగధగ మెరిశాయి. ఆ నారి విప్పిన చేతుల్లోనే ఆయుధపూజ మొదలైందని నేను నమ్ముతాను.

మా ఇంట్లో ఆయుధం అంటే బాపు నడిపిన హీరో హోండా సీడీ 100. సామాను ఒక రేకు డబ్బాలో పడుతుంది: నాలుగు పానాలు, స్క్రూడ్రైవర్, స్పార్క్ ప్లగ్ పానా, పాత టూత్‌బ్రష్. బాపు చేతులు వణుకుతున్నాయని రెండేళ్లుగా ఆ పని నాకొచ్చింది.

మొదటిసారి చైన్ లూజుగా ఉందని బలంకొద్దీ బిగించేశాను. బండి మూలుగుతూ కదిలింది. బాపు చైన్ కవర్‌కున్న రబ్బరు మూత తీసి, వేలు పెట్టి చూశాడు.

“అంత గుంజద్దు బిడ్డా. జర ఊగాలె.”

మరీ బిగిస్తే చైన్, పళ్లచక్రం, బేరింగ్ అన్నీ అరుగుతాయి. మరీ వదిలేస్తే చైన్ జారుతుంది. వింటినారి సంగతి నాకు అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు నవమి పొద్దున్నే సెంటర్ స్టాండ్ వేసి, వెనక చక్రం మెల్లగా తిప్పుతూ చైన్ ఎక్కడ బిగుతుగా ఉందో వెతుకుతాను. పాత చైన్ అంతటా ఒకేలా సాగదు మరి. కిరోసిన్‌తో మురికి పోగొట్టి, తుడిచి, 90 నంబర్ గేర్ ఆయిల్ వేస్తాను. ప్లగ్‌ను తిరిగి బిగించేటప్పుడు మొదట చేత్తోనే తిప్పుతాను. అది దిగే ఇంజిన్ హెడ్ అల్యూమినియంది, మర చెడితే మా డబ్బాతో అయ్యే పని కాదు.

బ్రేకులు కూడా చూడకుండా దండలు వేసి బండ్లు తీసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

పనయ్యాక పసుపు, కుంకుమ, బంతిపూలు. నిరుడు మొదటి బొట్టు ఎక్కడ పెట్టమంటావని బాపును అడిగాను. హెడ్‌లైట్ అంటాడనుకున్నాను. వంగి, చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్ చూపించాడు.