ఎరుపు తిప్పితే నీలం

డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్ళే 45వ నంబరు హైవే మీద చూడటానికి ఏమీ ఉండదని మా అల్లుడు ముందే చెప్పాడు. ఉంది. ఏప్రిల్ నెల కావడంతో ఎన్నిస్ దగ్గర రోడ్డు పక్క గట్లన్నీ బ్లూబానెట్ పూలతో నీలంగా ఉన్నాయి. మేడిసన్‌విల్‌లో బకీస్ అనే పెట్రోలు బంకు దగ్గర ఆగాం. పేరుకే పెట్రోలు బంకు, లోపల తిరునాళ్ళ జరుగుతున్నట్టు జనం. కూర్చుని తినడానికి మాత్రం ఒక్క బల్ల కూడా ఉండదు. పులిహోర కారులోనే కానిచ్చి బయలుదేరాం. హంట్స్‌విల్ దాటాక చెట్ల మీదుగా టెక్సస్ తొలితరం నాయకుడు శామ్ హ్యూస్టన్ 67 అడుగుల తెల్లటి విగ్రహం కనిపించింది. ఆ తర్వాత మాత్రం అల్లుడు చెప్పిందే నిజం.

2024లో ఫస్ట్ ఛాంపియన్‌షిప్ అనే విద్యార్థుల రోబో పోటీలు హ్యూస్టన్‌లో జరిగాయి. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో చదువుతున్న మా మనవరాలి హైస్కూలు జట్టు వాటికి ఎంపికైంది. తను ఆ జట్టులో వైర్లు, బ్యాటరీల పని చూస్తుంది. పిల్లలంతా ముందురోజే బస్సులో వెళ్ళిపోయారు. నేను, అమ్మాయి, అల్లుడు వెనకాల వెళ్ళాం.

నేను విజయవాడలో ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఫలితాలు వచ్చిన మర్నాడు పేపరు మొదటి పేజీ ఎలా ఉంటుందో మన వాళ్ళకు చెప్పక్కర్లేదు. పేజీ నిండా పాస్‌పోర్టు ఫోటోలు, వాటి కింద లావుపాటి అంకెలు. మంచి నోట్సు రాసుకున్న అమ్మాయి దాన్ని పక్క మంచం పిల్లకు కనిపించకుండా పరుపు కింద దాచుకోవడం హాస్టళ్ళలో కళ్ళారా చూశాను. దానికి పిల్లలను తప్పుపట్టలేం. పక్కవాళ్ళు ఒక మెట్టు ఎక్కితే మనం ఒక మెట్టు దిగే లెక్క అది. కాబట్టి ఈ పోటీల్లో ప్రత్యర్థులు ఒకరికొకరు సాయం చేసుకుంటారని అమ్మాయి దారిపొడుగునా చెబుతుంటే, వచ్చినవాళ్ళ ముందు ప్రదర్శించే మర్యాద కాబోలు అనుకున్నాను.

జార్జ్ ఆర్. బ్రౌన్ కన్వెన్షన్ సెంటర్ బయటికి పెద్ద ఓడలా కనిపిస్తుంది. లోపల దాదాపు 600 జట్లు. వాటిని ఎనిమిది విభాగాలు చేసి, ఆర్కిమెడిస్, క్యూరీ, గెలీలియో, న్యూటన్ అంటూ పేర్లు పెట్టారు. ఒక్కో విభాగానికి ఒక్కో మైదానం. ఆ విభాగాల విజేతలు చివరికి తలపడే మైదానం పేరు ఐన్‌స్టీన్. ఇన్ని శాస్త్రవేత్తల పేర్ల మధ్య చెవులు చిల్లులు పడే సంగీతం, గ్యాలరీలో డ్యాన్సులు! గుంపులోంచి బండి మీద యంత్రాన్ని తోసుకుంటూ పిల్లలు ‘రోబో, రోబో’ అని అరుస్తారు, అందరూ పక్కకు తప్పుకోవాలి. మరమ్మతులు చేసుకునే పిట్‌లోకి వెళ్ళాలంటే రక్షణ అద్దాలు తప్పనిసరి. నా కళ్ళజోడు మీద మరో కళ్ళజోడు పెట్టి లోపలికి పంపారు.

ఆట రెండున్నర నిమిషాలు. ఎరుపు వైపు మూడు రోబోలు, నీలం వైపు మూడు. మొదటి 15 సెకన్లు ఎవరూ ఏ మీటా ముట్టుకోరు, రోబో తన ప్రోగ్రాం ప్రకారం తనే నడుచుకుంటుంది. తర్వాత పిల్లలు అద్దాల గోడ వెనక నుంచి నడుపుతారు. ఆ ఏడాది ఆట పేరు క్రెసెండో. నోటు అని పిలిచే నారింజ రంగు ఫోము రింగును ఎత్తున ఉన్న స్పీకర్ గూట్లోకి విసరాలి, లేదా ఆంప్ అనే సందులో పెట్టాలి. చివర్లో గొలుసు పట్టుకుని వేలాడాలి. బ్యాటరీ, బంపర్లు కాకుండానే 57 కిలోల దాకా తూగే యంత్రం అలా గాల్లోకి లేస్తుంటే నా వయసు మరిచి నేనూ లేచి నిలబడ్డాను.

మేం పిట్‌కు వెళ్ళేసరికి మనవరాలు నేల మీద కూర్చుని బంపర్ గుడ్డ సరిచేస్తోంది. రోబో చుట్టూ మెత్తటి దిండ్లలాంటి బంపర్లుంటాయి. వాటి మీది గుడ్డ ఒకవైపు ఎరుపు, రెండోవైపు నీలం. ఏ మ్యాచ్‌లో ఏ రంగో, ఎవరితో కలిసి ఎవరి మీద ఆడాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ఒక్కో జట్టుకు ఇలాంటి మ్యాచ్‌లు పది. వెల్క్రో చింపి, గుడ్డ తిప్పి, మళ్ళీ అంటించి, మూలల్లో నలిగిన చోట అరచేత్తో రుద్దుతోంది. నంబరు స్పష్టంగా కనిపించకపోతే ఒప్పుకోరట.

అంతలో ఒక కుర్రాడు పరుగున వచ్చాడు. టర్కీ జట్టు. చక్రం తిప్పే మోటారు కాలిపోయిందని, అదనంగా ఉంటే ఇవ్వమని అడిగాడు. మావాళ్ళు పెట్టెలోంచి కొత్త మోటారు తీసి ఇవ్వడమే కాదు, వైర్లు కలపడానికి ఇద్దరిని వెంట పంపారు. వచ్చే మ్యాచ్‌లో ఎదుటి వైపు ఆడేది ఆ జట్టే.

“వాళ్ళ మీదే కదే ఇప్పుడు ఆడబోయేది?” అన్నాను.

మనవరాలు గోడకు అంటించిన కాగితం చూపించింది. “మధ్యాహ్నం మ్యాచ్ చూడు అమ్మమ్మా. వాళ్ళు మన వైపే. ఇప్పుడు బాగుచేయకపోతే మధ్యాహ్నం మనకు రెండు రోబోలే మిగులుతాయి.”

లెక్కల మనిషిని కదా, ఈ జవాబు నాకు నచ్చింది. అందులో త్యాగం, ఔదార్యం లాంటి మాటలే లేవు. ఆటను రూపొందించిన తీరులోనే ఆ ఏర్పాటు ఉంది. రెండు వైపులవాళ్ళూ ఆంప్‌లో వేసిన ఒక్కో నోటు విలువను వదులుకుని, నిర్ణీత సమయంలోగా ఒక మీట నొక్కితే బోనస్ పాయింటుకు కావలసిన నోట్ల సంఖ్య ఇద్దరికీ తగ్గుతుంది. ఒకరు నొక్కి మరొకరు నొక్కకపోతే ఎవరికీ లాభం లేదు. కోఆపరేషన్, కాంపిటీషన్ కలిపి దీన్ని కోఆపర్టిషన్ అంటారు. ఎవరు ఏ ఎత్తు వేస్తే ఎవరికి లాభమో లెక్కగట్టే గేమ్ థియరీ పుస్తకంలోంచి తీసి మైదానంలో పెట్టినట్టుంది. జట్టుకు సలహాలిచ్చే ఒక పెద్దాయన, తను కొత్తగా చేరిన రోజుల ఆటల గురించి చెప్పాడు. సమానమైన గెలుపులున్న జట్ల మధ్య ర్యాంకు తేల్చాలంటే, వాళ్ళ చేతిలో ఓడినవాళ్ళ స్కోరు చూసేవారట. ఎదుటివాళ్ళను సున్నాకు కట్టేస్తే మన ర్యాంకే దెబ్బతింటుంది. మన ఎంట్రన్సు పరీక్షలు తయారుచేసేవారెవరైనా ఇటొచ్చి ఓ పూట కూర్చుంటే బాగుండును.

ఈ పోటీలు నడిపే ఫస్ట్ అనే సంస్థను 1989లో డీన్ కామెన్ అనే ఆవిష్కర్త స్థాపించాడు. మొదటి పోటీ 1992లో న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్‌లో, ఒక స్కూలు జిమ్‌లో 28 జట్లతో జరిగింది. ఎంఐటీ ప్రొఫెసర్ వుడీ ఫ్లవర్స్ మొదటి నుంచీ తోడున్నాడు. గట్టిగా పోటీపడుతూనే ఎదుటివారిని గౌరవించడాన్ని గ్రేషియస్ ప్రొఫెషనలిజం అంటూ ఊరూరా చెప్పింది ఆయనే. 2019లో పోయాడు. పిల్లలు తమ గురువుల గురించి రాసి పంపితే ఇచ్చే బహుమతి ఒకటి ఆయన పేరు మీద ఉంది.

పెద్దవాళ్ళకు ఈ పాఠం అంత సులువుగా ఎక్కదు. టర్కీ వాళ్ళతో ఆడిన మ్యాచ్‌లో మావాళ్ళు ఓడిపోయారు, అదీ రిఫరీ ఇచ్చిన ఫౌల్ పాయింట్లతో. మా వరుసలో కూర్చున్న మన తెలుగు తండ్రి ఒకాయన ఒక్కసారిగా లేచాడు. “నా ఫోనులో వీడియో ఉంది. చూపిస్తే తేలిపోతుంది. ఏమండీ, మీరూ రండి” అంటూ మా అల్లుడిని కూడా లాగాడు. మెట్ల దగ్గర సలహాదారు చిరునవ్వుతో అడ్డుపడ్డాడు. ఇక్కడ వీడియో చూడరు. పెద్దవాళ్ళు అడిగితే వినరు. నేల మీద గీసిన ఒక గడిలో జట్టులోని విద్యార్థి ఒక్కరే నిలబడి ప్రశ్న అడగాలి. మా జట్టు నుంచి పదహారేళ్ళ అమ్మాయి వెళ్ళి నిలబడింది. నిబంధన నంబరు చెప్పి అడిగింది. రిఫరీ చేతులు తిప్పుతూ ఏదో వివరించింది. తీర్పు మారలేదు. అమ్మాయి థాంక్స్ చెప్పి వచ్చేసింది. ఆ తండ్రి మాత్రం భోజనాల దాకా సణుగుతూనే ఉన్నాడు. జీతం లేకుండా సెలవులు పెట్టుకుని వచ్చిన రిఫరీలను అన్ని మాటలనడం నాకు నచ్చలేదు, కానీ మనవాడేనని ఊరుకున్నాను.

మధ్యాహ్నం గుడ్డ తిప్పి, టర్కీ వాళ్ళతో కలిసి ఆడి గెలిచారు.

అసలు బాధ ఆ తర్వాత. పది మ్యాచ్‌లు అయ్యాక ముందున్న ఎనిమిది జట్లు నాయకులై తమ కూటమిని ఎంచుకుంటాయి. కూటమికి నాలుగు రోబోలు. విభాగంలో 75 జట్లుంటే 32 మిగులుతాయి, 43 ఇంటికి. రాత్రంతా లెక్కలు వేసిన పిల్లలు ఎవరు తమను పిలవవచ్చో కాగితం మీద రాసుకున్నారు. రెండో వరుసలో టర్కీ జట్టును పిలిచారు. వాళ్ళు ఎగిరి గంతేశారు, మావాళ్ళూ చప్పట్లు కొట్టారు. మూడో వరుస కూడా అయిపోయింది. మా నంబరు ఎవరూ పలకలేదు. చప్పట్లు కొట్టిన చేతులు ఏం చేయాలో తెలియక కొందరు జేబుల్లో పెట్టుకున్నారు. ఒక పిల్లవాడు పరికరాల పెట్టె వెనక్కి వెళ్ళి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరూ ‘పాల్గొనడమే గొప్ప’ అంటూ ఓదార్చలేదు, మంచిదైంది. పక్కన కూర్చుని నీళ్ళ సీసా ఇచ్చారంతే.

సామాను సర్ది పెట్టెలకు టేపు వేస్తుండగా టర్కీ కుర్రాడు మళ్ళీ వచ్చాడు. నాకౌట్ మ్యాచ్‌ల మధ్య వాళ్ళ రోబో చెయ్యి తిప్పే గొలుసు తెగింది. పది నిమిషాలు కూడా లేవు. గొలుసు ఏ పెట్టెలో ఉందో ఎవరికీ గుర్తులేదు. మనవరాలు కత్తెరతో ఒక పెట్టె టేపు కోసింది, అందులో లేదు. రెండోది కోసింది. మూడోదాని అడుగున, ప్లాస్టిక్ సంచిలో దొరికింది. ఇందాక ఏడ్చిన పిల్లవాడే దాన్ని పట్టుకుని పరుగెత్తాడు.

ఈసారి చూపించడానికి గోడ మీద కాగితం లేదు, ఎప్పుడో చింపి చెత్తబుట్టలో వేశారు. ఈ రెండు జట్లూ ఆ ఏడాది మళ్ళీ కలిసి ఆడేది లేదు. మరి ఎందుకు ఇచ్చారని నేను అడగలేదు. అడిగినా నా ప్రశ్న తనకు అర్థమయ్యేది కాదనుకుంటాను.

ఆ గొలుసుతో ఆడి కూడా టర్కీ కూటమి తర్వాతి మ్యాచ్‌లో ఓడిపోయింది.

ఐన్‌స్టీన్ మైదానం ఫైనల్స్ గురించి ఏం రాసినా తక్కువే, వదిలేస్తున్నాను. ఒకటి మాత్రం చెప్పాలి. ఈ పోటీల్లో అన్నిటికన్నా పెద్ద గౌరవం ఫైనల్ గెలిచిన రోబోకు కాదు. ఇతర జట్లకు, తమ ఊరికి ఉపయోగపడుతూ ఆదర్శంగా నిలిచిన జట్టుకు ఇచ్చే ఇంపాక్ట్ అవార్డుకు. 2022 దాకా దాన్ని చైర్మన్స్ అవార్డు అనేవారు.

మర్నాడు హ్యూస్టన్ పక్కనున్న పియర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి దర్శనం చేసుకుని తిరుగు ప్రయాణమయ్యాం. మనవరాలు ఈసారి మా కారెక్కింది. విజయవాడ నుంచి మా తమ్ముడు ఫోను చేసి, “ఎన్నో ర్యాంకు అక్కా?” అన్నాడు. నలభై చిల్లర అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు.

మనవరాలు వెనక సీట్లో కొత్త రోబో చేతి బొమ్మ గీస్తూ, ఫౌల్ వచ్చిన మ్యాచ్ గురించి ఇంకా రుసరుసలాడుతూనే ఉంది. వచ్చే ఏడాది మిమ్మల్ని చిత్తుగా ఓడిస్తామని టర్కీ జట్టు అమ్మాయికి మెసేజ్ పెట్టింది. చూద్దాం అని జవాబొచ్చింది, దాంతోపాటు ఒక ఫోటో. మా మోటారు తిరిగివ్వడం మరిచిపోయారట, ఇస్తాంబుల్ వెళ్ళే పెట్టెలో సర్దేశారట.

“వచ్చే ఏడాది తెస్తే చాలని చెప్పాను” అంది మనవరాలు.

“అది రెండు వందల డాలర్ల పైమాటే!” అన్నాడు జట్టు పద్దులు చూసే మా అల్లుడు. ఇల్లు చేరేదాకా ఆ మాట అంటూనే ఉన్నాడు.