అది నీ హోంవర్క్ నాన్నా

రిమెంబరెన్స్ డేకి, అంటే యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే రోజుకి, యుద్ధంలో పోయిన ఒక మనిషి గురించి రాసుకురమ్మన్నారు స్కూల్లో. కెనడాలోని హాలిఫాక్స్‌లో ఉంటూ సముద్రాన్ని తప్పించుకోలేం కదా, మా అమ్మాయి ఓ పంతొమ్మిదేళ్ళ నావికుణ్ణి ఎంచుకుంది. నేనేమో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, మా కాకినాడ మీద బాంబులేసిన సంగతి రాయమని వెంటపడ్డాను. "అది నీ హోంవర్క్ నాన్నా" అనేసింది.

ఉడుక్కున్నాను. ఆ బాంబుల గురించి నేను మా తాతయ్యను ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ పట్టని సంగతి ఇక్కడికొచ్చాక 'మన చరిత్ర' అయి కూర్చుంది. దాన్ని పదకొండేళ్ళ పిల్ల మొయ్యాలట!

ఆ కుర్రాడి ఓడ పేరు షావినిగన్. కార్వెట్ అంటారు, కాన్వాయ్‌లకు, అంటే గుంపుగా సాగే ఓడలకు, కాపలా తిరిగే చిన్న యుద్ధనౌక. 1944 నవంబర్ 24న మా నోవాస్కోషియాలోని సిడ్నీ నుంచి బర్జియో అనే ఫెర్రీని న్యూఫౌండ్‌లాండ్ ఒడ్డుకి దిగబెట్టి, ఒంటరిగా గస్తీకి పోయింది. ఆ రాత్రి యూ-1228 అనే జర్మన్ సబ్‌మెరైన్ టార్పెడో వదిలింది. ప్రొపెల్లర్ చప్పుడు పట్టుకుని వెంట వచ్చే రకం. 91 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

మర్నాడు పొద్దున ఫెర్రీ వాళ్ళకు పొగమంచులో కాపలా ఓడ కనబడలేదు. వైర్‌లెస్‌లో అడిగితే శత్రువు వింటాడు. దాంతో నోరు మూసుకుని ఒంటరిగానే సిడ్నీ చేరారు. అంతవరకూ ఒడ్డున ఎవరికీ అనుమానం రాలేదు. మా పిల్ల ఇక్కడే ఆగిపోయింది. "అంతసేపూ వాళ్ళమ్మ వాడు బతికే ఉన్నాడనుకుంటుంది కదా?"

నేను ఊరుకోవచ్చుగా? మనవాళ్ళూ పోయారని అందుకున్నాను. నాటి భారత వాణిజ్య నౌకల్లో పనిచేస్తూ సముద్రంలో కలిసిపోయినవాళ్ళు దాదాపు 6,000 మంది, రాయల్ ఇండియన్ నేవీ వాళ్ళు 400 మందికి పైనే, ముంబైలో స్మారకం కూడా ఉంది అన్నాను. ఇక్కడ పాయింట్ ప్లెజెంట్ పార్కులో కంచు పలకల మీద వాళ్ళ కుర్రాడి పేరు వేలితో తడిమి వచ్చిన పిల్ల కదా, "అక్కడా పేర్లుంటాయా?" అంది. గోడ మీద ఉండవు, పుస్తకంలో ఉంటాయి. "నువ్వు చూశావా?" ముంబైలో ఉద్యోగం వెలగబెట్టిన రోజుల్లో నేను చూసినవి వడాపావ్ బళ్ళు.

పిల్లలకు మన కథలు చెప్పండి అని స్నేహితులకు తెగ చెబుతుంటాను. ఏవి మనవో తేల్చాల్సింది నేనేనా అన్నది మాత్రం ఈమధ్యే గుచ్చుతోంది.

వీడియో కాల్‌లో అమ్మకి మనవరాలు ఇదంతా చెప్పింది. అమ్మకి కాన్వాయ్ ఏమిటో తెలీదు. "పాపం, ఎవరి కన్నబిడ్డో. కార్తీకంలో వాడి పేరనా ఒక ఒత్తి వెలిగించు తల్లీ" అంది. పిల్ల సరేనంది. వాళ్ళది మరో మతం కదమ్మా, వాడి అన్నదమ్ముల పిల్లలెవరైనా ఉండుంటే ఏమనుకుంటారో అని నేను నసిగాను. "నిన్నెవడు అడిగాడ్రా" అంది అమ్మ. నిజమే, ఎవరూ అడగలేదు. అయినా ఆ ఇంటివాళ్ళు ఒప్పుకుంటారో లేదో నాకింకా తేలలేదు.