ఇమ్లీబన్‌లో అమ్మతో ఒక సోమవారం పొద్దున

ఉద్యోగం నల్గొండలో, ఇల్లు కూకట్‌పల్లిలో. సోమవారం పొద్దున పోయి శుక్రవారం సాయంత్రం రావడం, ఏడేళ్ల నుంచి ఇదే నా జీవితం. అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు, మెట్రో ఎట్లాగూ ఎల్బీ నగర్ దాకా పోతుంది కదా, మధ్యలో ఎంజీబీఎస్‌లో, అదే ఇమ్లీబన్ బస్టాండ్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దగ్గర, దిగడం ఎందుకు, ఎల్బీ నగర్‌లోనే బస్సెక్కొచ్చు కదా అని. ఎక్కొచ్చు, కానీ సీటు ఉండదు. సోమవారం పొద్దున ఎల్బీ నగర్‌కి వచ్చేసరికి బస్సు నిండిపోయి ఉంటుంది, అక్కడినుంచి దాదాపు వంద కిలోమీటర్లు రాడ్ పట్టుకుని నిలబడి వెళ్ళి మళ్ళీ సాయంత్రం దాకా ఆఫీసులో పని చేయడం నావల్ల కాలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి ఫ్రీ బస్ వచ్చాక మరీను, అది మంచి పనే, నాతోపాటు వచ్చే ఎంతమందికో నెలాఖరుకి ఆ డబ్బు మిగులుతోంది, ఫీజులకో మందులకో పనికొస్తోంది. కాకపోతే సీటు కావాలంటే మాత్రం బస్సు బయల్దేరే చోటికే పోవాలి. అందుకే నాకు ఇమ్లీబన్.

మొన్న ఫిబ్రవరిలో అమ్మ కూడా నాతో వస్తానంది. నల్గొండలో పిన్ని దగ్గర నాలుగు రోజులు ఉంటానని. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కాస్త దూరం నడిస్తే ఆగి నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది. క్యాబ్ బుక్ చేస్తానంటే "ఎందుకే అంత పైసలు, నువ్వు పోయే దాంట్లనే నేనూ వస్త" అంది. సరే అని కేపీహెచ్‌బీలో పొద్దున్నే మెట్రో ఎక్కాం. ఆ టైంలో ఖాళీగా ఉంటుంది, అమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుని ఎర్రగడ్డ, అమీర్‌పేట, నాంపల్లి అని స్టేషన్ పేర్లన్నీ పైకి చదువుకుంటూ వచ్చింది.

ఎంజీబీఎస్‌లో దిగాక అసలు సంగతి మొదలైంది. నేను ప్రతి వారం ఆ స్టేషన్లోంచి బస్టాండ్‌లోకి ఎంత ఫాస్ట్‌గా నడుస్తానంటే అది ఎంత దూరమో నాకెప్పుడూ తెలియలేదు. ఇక్కడ రెండు మెట్రో లైన్లు కలుస్తాయి, మియాపూర్ లైన్, సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి వచ్చే లైన్, ఆ రెండోది 2020 ఫిబ్రవరిలో మొదలైంది, కరీంనగర్ వైపు నుంచి వచ్చి నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పోయేవాళ్ళకి ఎంత మేలో చెప్పలేను, అంతకుముందు సికింద్రాబాద్ నుంచి ఇక్కడికి రావాలంటే లగేజీ వేసుకుని ట్రాఫిక్‌లో గంట కూర్చోవాల్సిందే, ఇప్పుడు పావుగంట. ఆ జనమంతా ఒకేసారి దిగుతారు కాబట్టి అమ్మని ఒక పక్కకి తీసుకుని లిఫ్ట్ కోసం నిలబడ్డాం. నేను ఏడేళ్లలో ఒక్కసారి కూడా ఆ లిఫ్ట్ ఎక్కలేదు, అది ఎక్కడుందో కూడా ఆ రోజే చూశా.

కిందకి వచ్చాక అమ్మ రెండుసార్లు ఆగింది. "ఇంకెంత దూరమే" అని ఒకసారి, ఏమీ అనకుండా ఒకసారి. రెండోసారి ఆగినప్పుడు చుట్టూ చూసి "గౌలిగూడ షెడ్డు ఏది, ఇక్కడనే ఉండె గదా" అంది. తనకి పెళ్ళైన కొత్తల్లో మా నాన్న నల్గొండ బస్సెక్కించింది గౌలిగూడలోనేనట, పైన పెద్ద రేకుల కప్పు, బెల్లం చాయ్, ఎడమ పక్క నల్గొండ బస్సులు, అన్నీ గుర్తే. ఆ పాత బస్టాండ్ షెడ్డు నిజాం కాలంనాటిది, 2018 జూలైలో కూలిపోయిందమ్మా అంటే "ఎవరికన్నా తాకిందా" అని అడిగింది మొదట. లోపల ఎవరూ లేరు, ముందే ఖాళీ చేయించారు అంటే అప్పుడు నడిచింది.

1994లో గౌలిగూడ నుంచి ఊళ్ళకి పోయే బస్సులు ఇమ్లీబన్‌కి వచ్చాయి. ఇమ్లీ అంటే చింత, బన్ అంటే వనం, చింతతోపు. మూసీ రెండు పాయల మధ్య ఉంటుంది ఈ బస్టాండ్, అంటే నది మధ్యలోనే అనుకోండి. మామూలు రోజుల్లో ఆ సంగతి గుర్తుకే రాదు, కింద సన్నటి నల్లనీళ్ళు, వాసన, అంతే. కానీ 2025 సెప్టెంబర్ చివర్లో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) గేట్లు ఎత్తితే నీళ్ళు బస్టాండ్‌లోకే వచ్చేశాయి. ఆ శుక్రవారం నేను ముందే ఇల్లు చేరా, తెల్లారి టీవీలో నేను వారం వారం నిలబడే చోట నీళ్ళు చూసి చాలాసేపు మాట రాలేదు. 1908 వరద తర్వాత మళ్ళీ అలాంటిది రాకూడదనే కదా ఆ జలాశయాలు కట్టింది. అక్కడ రాత్రిళ్ళు నేల మీద దుప్పటి పరుచుకుని తెల్లవారు బస్సు కోసం పడుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారో నాకు తెలుసు.

నల్గొండ ప్లాట్‌ఫామ్ దగ్గరికి వచ్చేసరికి ఒక ఎక్స్‌ప్రెస్ అప్పుడే వచ్చి ఆగుతోంది. ఇక చూడాలి, బస్సు ఆగకముందే కిటికీల్లోంచి కర్చీఫులు, టిఫిన్ బాక్సులు, ఒకామె చున్నీ, అన్నీ సీట్ల మీద పడిపోయాయి. మామూలుగా అయితే నేనూ అదే పని చేస్తా. ఆ రోజు ఒక చేతిలో అమ్మ చెయ్యి, ఇంకో చేతిలో రెండు బ్యాగులు. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి నేను ఎక్కేలోపు మొత్తం నిండిపోయింది. దిగి వచ్చేశా. అమ్మ "నా వల్ల నీకు లేటైతుంది, నువ్వు పో, నేను వెనక బస్సుకు వస్త" అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలీదు.

పక్కన నిలబడ్డ కండక్టర్ ఇదంతా చూశారనుకుంటా. తర్వాత బస్సు తనదే. అది ప్లాట్‌ఫామ్ మీదకి రాగానే ముందు డోర్ దగ్గర చెయ్యి అడ్డం పెట్టి "ఆగుండ్రి, పెద్దమ్మ ఎక్కినంక" అన్నారు, అంతే, అందరూ ఆగారు. నిజంగా ఆగారు. అమ్మ ఆ ఎత్తు మెట్టు మీద ముందు కుడికాలు పెట్టి, రాడ్ పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుని ఎక్కింది, వెనకాల ఒకమ్మాయి నడుం దగ్గర చెయ్యి ఆనించింది. ముందు నుంచి రెండో సీటు, కిటికీ పక్కన.

బోర్డులు, అనౌన్స్‌మెంట్లు, లిఫ్టులు, అన్నీ కావాలి, అన్నీ మంచివే. కానీ మెట్రో దిగిన దగ్గర్నుంచి బస్సు మెట్టు దాకా ఉన్న ఆ దూరాన్ని, ఆ మెట్టు ఎత్తుని, అమ్మ వయసు వాళ్ళని పక్కన పెట్టుకుని ఒకసారి నడిచి కొలవాలి ఎవరైనా. ఏడేళ్లు నడిచి నేనే కొలవలేదు.

బస్సు వెనక్కి తీస్తుంటే విజిల్ విజిల్, తర్వాత చాదర్‌ఘాట్, ఎల్బీ నగర్‌లో కాలు పెట్టే సందు లేకుండా జనం. టికెట్ దగ్గర అమ్మ జాకెట్లోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి ప్లాస్టిక్ కవరు, అందులోంచి ఆధార్ కార్డు తీసి చూపించింది. జీరో టికెట్ చేతికి వచ్చాక దాన్ని నాలుగు మడతలు పెట్టి ఆధార్‌తో పాటు కవర్లో దాచింది. పంతంగి టోల్ గేట్ దాటాక నిద్రపోయింది. నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి చెర్వుగట్టు గుట్ట కనిపించగానే ఎవరో లేపినట్టు లేచి రెండు చేతులూ జోడించింది.

నల్గొండ బస్టాండ్‌లో ఆటో ఎక్కించి నేను ఆఫీసుకి పరుగెత్తా, పది నిమిషాలు లేటు. సాయంత్రం ఫోన్ చేసింది. మోకాళ్ళ సంగతి అడిగితే చెప్పలేదు, "శుక్రవారం ఎన్నింటికే బస్సు? నేను అర్ధగంట ముందే వచ్చి కూసుంట, ఈసారి కర్చీఫ్ నేనేస్త" అంది.