టమాటా వరుగులు పైన ఎండి లోపల ఎందుకు బూజు పడతాయి?

పత్తికొండలో టమాటా ధర పడిపోయినప్పుడల్లా "వరుగులు చేసుకోండి" అని అందరూ చెప్తారు. ఎట్లా ఎండబెట్టాలో మాత్రం ఎవరూ చెప్పరు.

టమాటాలో దాదాపు 95 శాతం నీళ్లే. 10 కిలోలు ఎండితే మిగిలేది అర కిలో పైచిలుకు. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, అంటే యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటు. కర్నూలు ఎండ ఊరికే వస్తుంది కాబట్టి సరిపోయింది!

ముక్క 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం. తొక్కలోంచి నీరు దాదాపు పోదు, అందుకే కోసిన వైపు పైకి పెట్టాలి. ఉప్పు చల్లితే కణాల్లోని నీరు బయటికి ఊరుతుంది.

డ్రయ్యర్‌లో 60 డిగ్రీలు పెట్టినా మొదట్లో ముక్క అంత వేడెక్కదు. పైన తడి ఉన్నంతసేపు నీరు ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంటుంది. తడి తగ్గాకే అసలు వేడి పట్టుకుంటుంది. చాలామంది ఇక్కడే తొందరపడి 80కి పెంచుతారు. పైపొర గట్టిపడి లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. చేతికి ఎండినట్టే ఉంటుంది, డబ్బాలో పెట్టాక బూజు. వేడి పెంచడం కన్నా గాలి ఆడించడం మేలు.

ముక్కను మడిచి నొక్కితే రసం రాకూడదు. చల్లారాక గాజు సీసాలో వారం పాటు మూతపెట్టి రోజూ కుదపండి. సీసా లోపలి గోడకు చెమ్మ పడితే మళ్లీ మిద్దె మీదికే.