లైట్ అండ్ షేడ్: ప్లస్ టూ పెయింటింగ్ ప్రాక్టికల్‌కి నేను ప్రిపేరైన తీరు

సీబీఎస్ఈ ప్లస్ టూలో పెయింటింగ్ తీసుకునేవాళ్లు మన దగ్గర తక్కువే. మ్యాథ్స్‌కీ ఫిజిక్స్‌కీ వీధికో కోచింగ్ సెంటర్ ఉంటుంది. ఎదురుగా చెంబూ వంకాయా పెట్టి షేడింగ్ నేర్పేవాళ్లు మాత్రం అంత తేలిగ్గా దొరకరు. ఈసారి పరీక్ష రాయబోయేవాళ్లకి ఉపయోగపడుతుందని నేను ఎలా ప్రిపేరయ్యానో రాస్తున్నాను.

ఈ సబ్జెక్ట్‌లో థియరీకి 30 మార్కులు, ప్రాక్టికల్‌కి 70. అందులో నేచర్ అండ్ ఆబ్జెక్ట్ స్టడీకే, అంటే ఎదురుగా పెట్టిన వస్తువుల్ని చూసి వేయడానికే 25. పదకొండో తరగతిలో పండ్లు, కూరగాయలు, క్యూబ్, కోన్, సిలిండర్ లాంటివి పెట్టి పెన్సిల్‌తో లైట్ అండ్ షేడ్, అంటే వెలుగునీడలు వేయిస్తారు. పన్నెండులో వాటికి తోడు వెనకాల ఒకటి, కింద ఒకటి రెండు రంగుల గుడ్డలు వస్తాయి, పెన్సిల్‌తో పాటు రంగులూ వస్తాయి. పదకొండులో పెన్సిల్ షేడింగ్ గట్టిగా పట్టుబడితే పన్నెండులో రంగులకి భయపడక్కర్లేదు.

షేడింగ్ అంటే నున్నగా రుద్దడమని చాలామంది అనుకుంటారు. అసలు పని అది కాదు. ఎదురుగా ఉన్నవాటిలో ఏది ఎక్కువ ముదురు, ఏది దానికంటే లేత అని తేల్చుకోవడమే అసలు పని. అది సరిగ్గా తేలితే గీతలు కాస్త గరుకుగా ఉన్నా బొమ్మ గుండ్రంగా లేచి నిలబడుతుంది. తేలకపోతే ఎంత నున్నగా రుద్దినా చదునుగానే ఉంటుంది. నా ప్రిపరేషన్ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

మొదలుపెట్టింది కోడిగుడ్డుతో. తెల్ల కాగితం మీద గుడ్డు పెట్టి, గదిలో లైట్లన్నీ ఆపేసి, ఎడమవైపు పైనుంచి ఒక్క టేబుల్ ల్యాంప్ వెలిగించేదాన్ని. ట్యూబ్‌లైటూ కిటికీ వెలుగూ కలిస్తే రెండు మూడు నీడలు పడి, ఏది ఎటునుంచి వస్తోందో తెలియదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి వెలుగు ఒక్కవైపు నుంచే ఉండాలి. గుడ్డుని కాసేపు తదేకంగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. అన్నిటికంటే ముదురు చోటు గుడ్డు అంచున ఉండదు, అంచుకి కాస్త లోపల ఒక పట్టీలా ఉంటుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కొంచెం లేతబడుతుంది, ఎందుకంటే కింది కాగితం మీద పడ్డ వెలుగు తిరిగి గుడ్డుని తాకుతుంది. దీన్నే రిఫ్లెక్టెడ్ లైట్ అంటారు. అంచుదాకా నల్లగా నింపేస్తే గుడ్డు కాగితానికి అతికించినట్టు ఉంటుంది. ఆ సన్నని లేత పట్టీ వదిలిపెడితే గుండ్రం వచ్చేస్తుంది. అయితే అది నీడలోని వెలుగే కాబట్టి, వెలుగు వైపు ఉన్న ఏ భాగం కంటే కూడా ముదురుగానే ఉండాలి.

కింద పడే నీడ మీద కూడా అంతే శ్రద్ధ పెట్టాలి. గుడ్డు కాగితాన్ని ఆనుకున్న చోట సన్నగా, చాలా నల్లగా ఒక గీత ఉంటుంది. 6బీ పెన్సిల్ వాడాల్సింది అక్కడే (బీ ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తగా, నల్లగా గీస్తుంది). వస్తువు దగ్గర నీడ అంచు పదునుగా ఉండి, దూరం వెళ్లేకొద్దీ మెత్తబడి లేతగా అవుతుంది. నీడంతా ఒకే నలుపుతో నింపితే అది నీడలా కాదు, గుంటలా కనిపిస్తుంది.

ఆకారాన్ని బట్టి షేడింగ్ మారుతుంది. క్యూబ్‌కి కనిపించే మూడు ముఖాలకీ మూడు టోన్లు (ముదురు, లేత స్థాయిలు), మధ్యలో మెల్లగా కలపడం ఉండదు. సిలిండర్‌కి టోన్లు నిలువు పట్టీల్లా నడుస్తాయి. కోన్‌కి అవే పట్టీలు పైకి వెళ్లేకొద్దీ సన్నబడి కొన దగ్గర కలుస్తాయి. చెంబుని చూస్తే మెడ సిలిండర్, పొట్ట గోళం. కొత్త వస్తువు ఏది పెట్టినా నేను ముందు ఇలా విడదీసుకునేదాన్ని. మట్టికుండ మీద వెలుగు నిదానంగా నీడలోకి జారుతుంది. ఇత్తడి చెంబు మీద తెల్లటి మెరుపు పక్కనే కటిక నలుపు ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు. అక్కడ మెత్తగా కలిపితే అది ఇత్తడిలా ఉండదు.

నాకు అన్నిటికంటే కష్టమనిపించిందీ, అన్నిటికంటే ఇష్టమైందీ ఒకటే: వంకాయ పక్కన నిమ్మకాయ. వెలుగులో ఉన్న వంకాయ ముదురా, నీడలో ఉన్న నిమ్మకాయ ముదురా? వంకాయే ముదురు, మెరిసే ఆ చిన్న మచ్చ తప్ప. వస్తువుకి సొంతంగా ఒక ముదురుతనం ఉంటుంది, దాని మీద వెలుగునీడలు పడతాయి. రెండూ కలిపి చూడాలి. దీనికి కళ్లు సగం మూసి చూడటం బాగా పనిచేస్తుంది. రంగులూ చిన్నచిన్న వివరాలూ తగ్గిపోయి, పెద్ద పెద్ద ముదురు ముక్కలూ లేత ముక్కలూ మిగులుతాయి. ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫొటో తీసి పోల్చుకోవచ్చు. కానీ పరీక్షలో ఫోన్ ఉండదు, కాబట్టి ముందు కంటితో ఊహించి, ఆ తర్వాతే ఫొటో చూడండి. షీట్ మూలన కాగితం తెలుపు నుంచి 6బీ నలుపు దాకా ఐదు గళ్లు వేసి పెట్టుకుంటే, ప్రతి భాగాన్నీ ఏదో ఒక గడితో పోల్చవచ్చు.

గుడ్డ మడతలకి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి వెయిల్డ్ రెబెక్కా ముందు నిలబడాలి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి శిల్పం అది, మొదటి సాలార్‌జంగ్ తెప్పించారు. మొహం మీద పల్చటి ముసుగు వేసినట్టే ఉంటుంది. అక్కడున్నది తెల్లరాయి ఒక్కటే, మడతలన్నీ వెలుగునీడలతోనే కనిపిస్తాయి. ఎక్కడ మడత పదునుగా విరిగింది, ఎక్కడ మెత్తగా జారింది అని చూస్తూ నేను అక్కడ చాలాసేపు ఉండిపోయాను. థియరీలో చదివే రాజస్థానీ, పహాడీ మినియేచర్లలో (చిన్న సైజు చిత్రాల్లో) నేల మీద పడే నీడలు దాదాపు కనిపించవు. అదే మొఘల్ చిత్రకారులు యూరప్ బొమ్మలు చూసి షేడింగ్ తెచ్చుకున్నారు. ప్రాక్టికల్ చేస్తూ ఇవి చదివితే థియరీ జవాబులు బట్టీ పట్టక్కర్లేదు.

ఇక పరీక్ష రోజు. ఆబ్జెక్ట్ స్టడీకి ఉండేది మూడు గంటలు. కూర్చున్న చోటు నుంచి కదలకండి, తల ఎత్తు మారినా చెంబు మూతి ఆకారం మారిపోతుంది. మొదటి అరగంట, నలభై నిమిషాలు కొలతలకీ అవుట్‌లైన్‌కీ ఇవ్వండి. ఆ వెంటనే నీడల హద్దులు కూడా సన్నగా గీసేయండి. కిటికీ వెలుగైతే మూడు గంటల్లో నీడలు జరుగుతాయి. వాటి వెంట పడి దిద్దుకుంటూ పోతే, ఒక్కో వస్తువుకి ఒక్కో టైమ్ నీడ వస్తుంది. మొదట గీసిన హద్దులకే కట్టుబడండి. తర్వాత నీడ భాగాలన్నీ 2బీతో ఒకే టోన్‌లో నింపి, ముదురు చోట్లు 4బీ, 6బీతో పెంచుకుంటూ వెళ్లండి. ఒకే వస్తువుని పూర్తిగా ముగించి రెండోదానికి వెళ్లొద్దు, బొమ్మంతా కలిసి నడవాలి. చెయ్యి కింద ఒక కాగితం ఉంచుకోండి, వేలితో రుద్దకండి. చేతి జిడ్డు అంటితే ఆ మరక ఎరేజర్‌కి కూడా పోదు.

రంగుల్లో వేసేటప్పుడు ముందు చిత్తు కాగితం మీద అరచేతి అంత పెన్సిల్ టోన్ స్కెచ్ వేసుకోండి, అది పక్కనే ఉంచుకుని రంగు కలపండి. నీడకోసం నల్లరంగు కలపొద్దని నా గట్టి సలహా. నిమ్మకాయ పసుపులో నలుపు కలిపితే మురికి ఆకుపచ్చ వస్తుంది. కాస్త బ్రౌనూ, చుక్క వంకాయ రంగూ కలిపి చూడండి.